పొడవని చుక్క

నగల పోటీ పెద్దలకు,

నేను మన్నె ఈశ్వరమ్మను. డెబ్బై ఆరేండ్లు. భానూరులో కొడుకు, కోడలు, మనుమరాలు నిషితతో ఉంటాను. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను.

నిషిత హారం పట్నం షాపు నగను చూసి గీసిందని పోటీలోంచి తీసేశారట. అది నా చేతి పచ్చబొట్టు. "నీ అసలు నగ గిదే నానమ్మా" అని నా చేయి ఒళ్లో పెట్టుకుని గీసింది. పోయినేడు ఆ బొమ్మ ఫోన్లో పెడితే, షాపాయనే చూసి దింపుకున్నాడు.

ఆయన్ని అడగండి: "ఎడమదిక్కు ఆరు చుక్కలు పెట్టి, కుడిదిక్కు అయిదే ఎందుకు పెట్టినవయ్యా?" ఆయన చెప్పలేడు. నేను చెప్తాను. తొమ్మిదేండ్లప్పుడు, ఆరోది పొడవకముందే సూది గుంజి పారేసి ఉరికిన!

ఈశ్వరమ్మ వేలిముద్ర

చేయి చూసి చుక్కలు లెక్కపెట్టిన సాక్షులు: కావలి త్రివేణి, బుడిగె నర్సింహ