వెంట్రుకంత పగులు

గున్‌వోర్ చెల్లీ,

శనివారం నీ పుట్టినరోజుకి మేం మోటారుసైకిల్ మీద కాదు, ఫెర్రీ దిగి బస్సులో వస్తున్నాం. కంగారు పడకు, ఇద్దరం బాగున్నాం.

మొన్న కొండ మలుపులో గొర్రె అడ్డొస్తే మీ బావ బండితో సహా రాతిగోడకు గుద్దుకున్నాడు. గొర్రె తన దారిన వెళ్ళిపోయింది, ఈయన మోచేయి గీరుకుపోయింది.

"బండికి రంగు పోయింది, అంతే" అన్నాడు.

"వెనకాల కూర్చునేది నేను, ఐలిఫ్. ఫ్రేము చూడందే ఎక్కను" అన్నాను.

ఫ్రేము వంగిందేమోనని రెండు చక్రాల పక్కనా దారం లాగి పట్టుకుని చూశాం. తిన్నగానే ఉంది.

"ఇప్పుడైనా ఒప్పుకుంటావా, అనుమానాల పుట్టా?" అని ఈల వేయడం మొదలుపెట్టాడు.

అయినా పట్టుబట్టి పెట్రోలు ట్యాంకు తీయించాను. హ్యాండిల్ ఫ్రేముతో కలిసే చోట రంగు ముడత పడి ఉంది. గోటితో గీకితే కింద వెంట్రుకంత పగులు కనబడింది. ఈల ఆగిపోయింది.

నా చెయ్యి పట్టుకుని, "శనివారం కనుమ దిగేటప్పుడు నువ్వు నా వెనకే ఉండేదానివి" అన్నాడు. పెళ్ళినాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

ఫ్రేము మార్చేదాకా బండి కదలదు. ఆయన మాత్రం తోలుకోటు, హెల్మెట్ వేసుకునే బస్సెక్కుతానంటున్నాడు. ఎదురుగా నవ్వకు. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరం కలిసి నవ్వుకుందాం.

మీ అక్క