ఇరవైనాలుగో పళ్ళెం

ఉప్పుగూడ, 1981
కర్ఫ్యూ పదకొండో రోజు

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జప్తు అయిన మైకు హారన్ ఒకటి, పిల్లల చదువు నిమిత్తం తిరిగి ఇప్పించుట గురించి.

మైకుసెట్లు కిరాయికిచ్చే బాలనర్సింహ, నాలుగో తరగతిలో బడి మానినవాడు, చేతులు జోడించి రాసుకున్నది:

1. బడికి తాళం పడి పదకొండు రోజులు. రేడియోలో రోజూ పదకొండింటికి పాఠాలు వస్తాయి. మా గల్లీలో నడిచే రేడియో నాదొక్కటే. పిల్లలు గడప దాటరాదు. అందుచేత రేడియో ముందు మైకు పెట్టి, హారన్ డాబా మీద కట్టి, ఇరవైముగ్గురు పిల్లలకు ఎవరింట్లో వాళ్లకే పాఠం వినిపించాను. పర్మిషన్ తీసుకోలేదు. దానికి ఠాణాకు రావాలి. రావాలంటే పాసు కావాలి. పాసు కోసం ఠాణాకు రావాలి.

2. పాఠం అయ్యాక హాజరు పిలిచేవాడిని. పేరు పిలవగానే ఆ ఇంట్లో ఒకసారి పళ్ళెం మోగాలి. ఇదే కొంప ముంచింది. ఐదో రోజు తమ జవాను గుండయ్య గారు ఆ చప్పుడు విని, కొట్లాటకు సైగ అనుకుని లాఠీతో వచ్చారు.

"ఏందిరా ఈ లొల్లి?"

"హాజరు సార్, పిల్లలది."

"పరాచికాలా? పోయిన ఎండకాలం నల్లా వచ్చిందని గిదే మైకుల అబద్ధం చెప్పి, గల్లీ మొత్తాన్ని బిందెలతోని ఉరికించింది నువ్వే గదా!"

హారన్ ఊడదీసుకుని పోయారు.

3. నల్లా సంగతి నిజం. ఒప్పుకుంటున్నాను. కాని ఇప్పుడు నిజం చెప్తే నమ్మే దిక్కు లేదు. ఎగతాళి చేసే ఓపిక కూడా నాకు అయిపోయింది.

4. ఎదురింటి రాహేలు ఏడో తరగతి పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులే. రోజూ కిటికీలోంచి అడుగుతుంది.

"నర్సింహ మామా, ఇయ్యాల బడి ఉందా?"

"లేదు బిడ్డా."

"గిదన్న నిజమా, పరాచికమా?"

లేదని చెప్పి చెప్పి నోరెండిపోతోంది. ఆ పిల్ల మాత్రం పళ్ళెం ఒళ్లో పెట్టుకునే కూర్చుంటుంది.

కావున హారన్ ఇప్పిస్తే రోజుకు గంటే వాడుదును. పళ్ళాలు బంద్. హాజరుకు తెల్లగుడ్డ ఊపిస్తాను. నమ్మకం లేకుంటే గుండయ్య గారినే నా డాబా మీద కూర్చోబెట్టండి, కుర్చీ నాది, చాయ్ నాది. ఈ అర్జీ వారి చేతికే ఇస్తున్నాను. ఇందులో పరాచికం లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాలనర్సింహ

తా.క.: పిల్లలు ఇరవైముగ్గురైతే పళ్ళాలు ఇరవైనాలుగు మోగినయని గుండయ్య సార్ రాసుకున్నడు. ఆ ఒక్కటి ఎవరిదని మస్తు అడిగిండు. సిగ్గై చెప్పలె. అది నాదే సార్. ఆఖర్ల నా పేరు నేనే పిలుచుకొని కొట్టిన. సగానికి మూడో వంతు కలిపితే ఎంతనో రేపు చెప్తనన్నది రేడియో టీచరమ్మ. మర్నాడు పాఠం యాళ్లకు కరెంటు పోయింది, ఆ రేపు మాకు రాలే. ఆరు దినాల సంది చేస్తున్న, ఐదింట రెండు వంతులే వస్తున్నది. కలిపినంక సగం కన్న తక్కువెట్లయితది సార్? హారన్ ఇయ్యకున్నా సరే, గా జవాబన్న చెప్పి పంపుండ్రి.