చంటిదాని అసలు బరువు

అమ్మా,

చంటిదానికి జ్వరం దిగుతోంది, నువ్వు దిగులు పెట్టుకోకు. మొన్న ఆసుపత్రిలో చేర్చేటప్పుడు నర్సు బరువెంతని అడిగితే, మనవరాలు బక్కగా ఉందంటారేమోనని నువ్వు "పన్నెండు కిలోలుంటుంది" అనేశావు. ఆ రద్దీలో ఆవిడ అదే రాసుకుంది. పిల్లలకు మందు బరువును బట్టే ఇస్తారు. నిన్న ఆ నర్సే మొదటి సూదిమందు తీస్తూ "పన్నెండు కిలోలు కదా" అంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "పది కిలోల బియ్యం సంచీ ఎత్తిన చేతులివి. ఇది అంత లేదు, ముందు తూచండి" అన్నాను. విసుక్కుంటూనే తూచింది. తొమ్మిదే. ఆ మందు ఎక్కి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆవిడ ఆ మందు పారబోసి, తొమ్మిది కిలోలకు మళ్లీ కొలిచింది.

ఇప్పుడు కొత్తగా ఎవరి పిల్లలొచ్చినా దగ్గరుండి తూయిస్తున్నాను. వార్డులో నాకు తక్కెడమ్మ అని పేరు పెట్టారు. పెట్టనీ.

పెద్దాడు బడికి వెళ్తున్నాడా? వాడి దగ్గు మందు చెంచాతో కాదు, సీసా మూత మీది గీత దాకా కొలిచి తాగించు. ఎవరైనా ఇటు వస్తే నా శాలువా పంపు. నాన్నకు నమస్కారాలు.

నీ మీద కోపం లేదు. ఇంటికి రాగానే ఆ మూడు కిలోలూ తినిపించి నీ మాట నిలబెట్టుకో. అప్పటిదాకా ఎవరు బరువడిగినా తూచి చూడమను.

నీ కూతురు