ఆవలింతలకు గోధుమ కషాయం

బాబాయి గారికి,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే నవ్వేస్తారని ఉత్తరం రాస్తున్నాను. డాక్టరుగా మీరు చెప్పిన టెస్టులన్నీ చేయించుకున్నాను. థైరాయిడ్ నార్మల్, ఐరన్ నార్మల్. ఆవలింతలు మాత్రం ఆగలేదు. మీటింగ్‌లో మా మేనేజర్ "బోర్ కొడుతోందా?" అని అందరి ముందూ అడిగాడు. అత్తయ్య ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తే ఆ పొగకి ఇంట్లో అలారం మోగింది.

చివరికి ఇక్కడే నేపర్‌విల్‌లో ఒక చైనా వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. నాలుక చూసి, మూడు వేళ్లతో నాడి పట్టుకుంది. ఆవలించినప్పుడల్లా నేను చిటికె వేస్తుంటే, అదీ జబ్బులో భాగమేననుకుని రాసుకుంది. పైకి లాగే శక్తీ, కిందికి లాగే శక్తీ పెనుగులాడితే ఆవలింత వస్తుందట. మాటిమాటికీ ఆవలిస్తూ, ఏడుపు ముంచుకొచ్చే ఆడవాళ్ల గురించి వాళ్ల పాత వైద్యగ్రంథంలోనే ఉందట. గోధుమలు, అతిమధురం, ఎండు రేగుపళ్లు వేసి కషాయం కాచుకోమంది.

"ఎప్పటినుంచి?" అని అడిగింది. మార్చి నుంచి అన్నాను. "మార్చిలో ఏమైంది?" అంది. నా పక్కనే కూర్చున్న మీ అల్లుడు "నథింగ్" అన్నారు.

మీరూ అంతే కదా, బాబాయి గారూ. ఐదో నెలలో పోయినదానికి ఇంత బాధేమిటి, ఎవరికీ చెప్పకు, ఆఫీస్‌కి వెళ్తే అదే సర్దుకుంటుంది అన్నారు. సోమవారమే వెళ్లాను.

కషాయం తాగుతున్నాను. పని చేస్తుందో లేదో నాకు తెలియదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆవలింతలు తగ్గాయా అని అడగకండి. పాపకి ఏం పేరు పెడదామనుకున్నానో అడగండి.