తూకం చూసి ఎక్కించే విమానం

కలిహి, హొనొలులు,
బుధవారం సాయంత్రం.

ప్రియమైన లోపాకాకు,

మోమి ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ, కియేలే, అత్తయ్యా ముగ్గురం కులాసా. నీ ఓడలో అందరూ కులాసాగా ఉన్నారనీ, ఆ కొత్త వంటవాడు ఇప్పటికైనా అన్నం మెత్తగా వండడం నేర్చుకున్నాడనీ తలుస్తాను.

మేం మొలొకాయి దీవి నుంచి తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. కియేలేకి ముందు పన్ను ఊడింది. దాన్ని నీకు పంపాలని పట్టుబడితే, ఓడలో ఎలకలున్నాయని చెప్పి మాన్పించాను. వంటింటి కుళాయి బాగైంది. అత్తయ్య రక్తపోటు మాత్రలు వేసుకుంటోంది, కాకపోతే నేను ఎదురుగా నిలబడినప్పుడు మాత్రమే. ఇక ఆఖరి ప్రశ్న. అందరి సంగతులూ రాస్తాను గానీ నా గురించి ఒక్క ముక్కా రాయడం లేదని, ఒంట్లో ఏమైనా బాగోలేదా అని అడిగావు. ఒంట్లో బాగానే ఉంది. అయితే నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. మీ అమ్మకీ చెప్పలేదు. ఈ సెలవులన్నీ ఆ సంగతి ఆమె కంట పడనివ్వకుండా గడిపి ఇంటికొచ్చేయాలనుకున్నాను. ఆ పని నావల్ల ఎందుకు కాలేదో మొదటినుంచీ చదివితేనే నీకు అర్థమవుతుంది. కాబట్టి ఆఖరి కాగితం ముందు చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

ఈ ఏడు సెలవులకు ఎక్కడికెళ్దామంటే అత్తయ్య ఇంకో మాట లేకుండా హాలవా అంది. తను పుట్టిన లోయ ఎలా ఉందో ఒకసారి చూడాలంది. మామయ్య పోయాక ఆమె నోరు తెరిచి ఇది కావాలని అడగడం నేను వినలేదు. అందుకే ఎంత వద్దనుకున్నా కాదనలేకపోయాను. తొమ్మిది మంది పట్టే ఆ చిన్న విమానానికే టికెట్లు కొన్నాను.

ఆ విమానం ఎక్కేముందు ఒక్కొక్కరినీ తూకం మీద నిలబెడతారు కదా, ఆ సంగతే మరిచిపోయాను. ఫోన్లో అడిగినప్పుడు పాత బరువే చెప్పాను. అత్తయ్య ముందు నిలబడింది. చేతిలో పక్కింటివాళ్ల చుట్టాలకని డోనట్ల పెట్టె. అది తన బరువు కాదని, విడిగా తూచమని, తూకం చూసే దొమింగోతో గొడవ. తర్వాత నా వంతు. నీకు తెలుసుగా, దొమింగో ఏదైనా పైకే చదువుతాడు. చదివి, కాగితం చూసి, మళ్లీ తూకం చూసి, రెంటికీ పొంతన కుదరడం లేదు మోమీ అన్నాడు. చేతిసంచీ బరువని చెప్పాను. నా చెవులు వేడెక్కిపోయాయి. అత్తయ్య వెంటనే అందుకుంది.

"కోడలికి తిండి పెట్టనని కలిహి అంతా చెప్పుకుంటున్నారు. ఆ అంకె ఇంకాస్త గట్టిగా చదువు, అందరూ వింటారు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దొమింగో మమ్మల్ని తలా ఒక మూల కూర్చోబెట్టాడు. అత్తయ్యను ముందు ఎడమ పక్క, నన్ను వెనక కుడి పక్క, మధ్యలో ఎక్కడో కియేలే. అమ్మ పక్కనే కూర్చుంటానని అది మూతి ముడిస్తే, బరువంతా ఒక పక్కకి చేరితే విమానం ఒరుగుతుందమ్మా అని సముదాయించాడు. ప్రయాణం హాయిగానే సాగింది. కింద సముద్రం చదునుగా ఉంది. నేను మాత్రం దారి పొడుగునా అత్తయ్య జడముడి వెనక భాగమే చూస్తూ, ఆమెకు అనుమానం వచ్చిందా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

దిగేసరికి కారు అద్దెకిచ్చే లహేలా లేదు. మేనకోడలి బిడ్డకు మొదటి పుట్టినరోజు విందట. సగం ఊరు అక్కడే ఉంది. సామాను దించే పెద్దాయన చేతికి మాకోసం మూడు పూలదండలిచ్చి, తెల్లకారు బయట ఉంది, తాళంచెవి డ్రైవరు ముందు ఎండకు దించుకునే అట్ట వెనక ఉంది అని చెప్పి వెళ్లిందట. ఆయన కియేలేకి వేశాడు, అత్తయ్యకి వేశాడు. నేను నోరు తెరిచేలోపు నా తల మీదుగా కూడా వేసేశాడు. కొసలు రెండూ కలిపి ముడివేసిన దండ.

ఇక దాచి లాభం లేదు లోపాకా. కడుపుతో ఉన్నదాని మెడలో ముడివేసిన దండ ఉండకూడదని, బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని మనవాళ్లు ఎంత పట్టింపుగా చెబుతారో నీకు తెలుసు. మామూలప్పుడైతే నేను నవ్వి ఊరుకునేదాన్ని. రెండుసార్లు పోగొట్టుకున్నాక నవ్వు రాలేదు. ఇచ్చిన దండను ఇచ్చినవాళ్ల ఎదుటే తీయడం ఎంత అవమానమో అదీ తెలుసు. తీస్తే ఎందుకో చెప్పాలి, చెబితే అత్తయ్య వింటుంది. పూలు మెడకు తగలకుండా చేత్తో పట్టుకుని, పెద్దాయనకు దండం పెట్టినంత పనిచేసి, కారు దగ్గరికి నడిచాను.

తెల్లకారు ఉంది. తాళంచెవి అట్ట వెనకే ఉంది. వెనకసీట్లో పసిపిల్లలను కూర్చోబెట్టే కుర్చీ ఒకటి కట్టి ఉంది. లహేలా తీయడం మరిచిపోయిందనుకుని, సామానుకు అడ్డంగా ఉంది విప్పేద్దామన్నాను. అత్తయ్య వద్దంది.

"ఉండనీ. అదేమన్నా నిన్ను తిండి అడుగుతోందా?"

అని, నా చేతిలో తాళంచెవి లాక్కుని డ్రైవరు సీట్లో తనే కూర్చుంది. మామయ్య పోయాక ఆమె కారు ముట్టుకోలేదు. నేను అడ్డం చెప్పేలోపు నావైపు చెయ్యి చాపింది. "ఆ దండ ఇటు తే. మెడంతా ఒరుసుకుపోతోంది." ముడిని పళ్లతో కొరికి విప్పింది. దండను నా భుజాల మీద రెండు కొసలూ వేలాడేలా పరిచింది. తర్వాత అద్దం సరిచేసుకుని కారు కదిలించింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మీ అమ్మ నడిపే తీరు నీకు చెప్పక్కర్లేదు. ఈసారి ఇంకా నెమ్మది. గుంత కనిపిస్తే ఆగి, ఆలోచించి, పక్కనుంచి పోనిచ్చింది. ఊళ్లో రొట్టెల దుకాణం దగ్గర ఆగి మళ్లీ బయల్దేరాక మా వెనక ఇంకో తెల్లకారు చేరింది. ముందుకు పొమ్మని అత్తయ్య కిటికీలోంచి చెయ్యి ఊపితే, వెనకాయన పలకరింపనుకుని తిరిగి చెయ్యి ఊపాడు. హారన్ కొట్టడు, దాటిపోడు. మొలొకాయిలో ఎవరూ హారన్ కొట్టరు నిజమే గానీ, పూకోఓలో మేం తీసుకున్న ఇంటి దాకా ఆయన అలా నత్తనడకన మా వెనకే రావడం చూసి నాకు భయం కూడా వేసింది. మేం దిగాక ఆయనా దిగి, టోపీ తీసి, సొంత నానమ్మను పిలిచినట్టు పిలిచి, చాలా మర్యాదగా చెప్పాడు.

"టూటూ, మీరు బాగా నడుపుతున్నారు. కాకపోతే ఆ కారు నాది."

ఆయన పేరు ఎనోకా. జాలరి. మావీ దీవి నుంచి ఇంకో విమానంలో దిగేసరికి తన కారు లేదు. పక్కన లహేలా తెల్లకారు ఉంది, దాని తాళంచెవీ అట్ట వెనకే ఉంది. సంగతి అర్థమై అందులోనే బయల్దేరాడు. మరి హారన్ ఎందుకు కొట్టలేదని అడిగితే, పెద్దావిడ ఉలిక్కిపడితే ఎలా అన్నాడు. ఆ ఊళ్లో అందరూ తాళంచెవి అక్కడే పెడతారని తెలిసి కూడా, మొదట కనిపించిన తెల్లకారెక్కి కూర్చున్న తెలివి మాది. మార్చుకుందామంటే, సామాను దించే శ్రమ దేనికి, వెళ్లేరోజు విమానాల దగ్గర మార్చుకుందాం అన్నాడు. అత్తయ్య ఆయనకు సగం డోనట్లు ఇచ్చేసింది. పక్కింటివాళ్ల చుట్టాలకు ఏం చెప్పాలో ఆమే చూసుకుంటుంది.

ఆ తర్వాత రోజులన్నీ నేనూ అత్తయ్యా దొంగాట ఆడుకున్నాం. బిందె ఎత్తబోతే కియేలేని పిలిచేది. కడుపుతో ఉన్నవాళ్లు తినకూడని పచ్చిచేప నా కంచంలోంచి తీసి తన కంచంలో వేసుకుని, నీకు కొయ్యడం చేతకాలేదని నన్నే తిట్టేది. నేనూ ఏమీ ఎరగనట్టు తిట్లు తిన్నాను. ఒకరినొకరం మోసం చేసుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

ఆఖరికి హాలవా బయల్దేరాం. తెల్లవారుజామున వాన పడి ఆగింది. ఒకే కారు పట్టే దారి, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మలుపు మలుపుకీ హారన్ కొట్టే పని కియేలేది. అది మలుపు లేని చోట కూడా కొట్టింది. కొండ మీద లోయంతా కనిపించే చోట అత్తయ్య కారు ఆపి దిగింది. కింద రెండు జలపాతాలు, నది సముద్రంలో కలిసే చోటు, ఆమె పుట్టిన ఇల్లుండే పచ్చటి మూల. కింది దారి వానకు గుంతలు పడి, రాళ్లు తేలి ఉంది. చాలాసేపు చూసి, పదండి వెనక్కి పోదాం అంది. ఇంత దూరం దీనికోసమే కదా వచ్చింది, దిగకుండా పోవడమేమిటి, నేనూ కియేలే ఇక్కడే కూర్చుంటాం మీరు వెళ్లిరండి అన్నాను.

"నేను పుట్టిన చోటు ఎక్కడికీ పోదులే. నిన్నిక్కడ ఎండలో కూర్చోబెట్టి నేను వెళ్తానా? వచ్చే ఏడు వద్దాం. ఐదుగురం వద్దాం."

కియేలే వేళ్లు మడిచి లెక్కపెట్టి, నాన్నతో కలిపినా నలుగురమే కదా టూటూ అంది. నీకు లెక్కలు రావు, పోయి రాలిన జామపళ్లు ఏరుకో పో అని అత్తయ్య దాన్ని తరిమేసింది. అది అటు వెళ్లగానే నావైపు తిరిగింది. వాడికి రాశావా అని అడిగింది. లేదన్నాను. ఎందుకని అడిగింది.

చెప్పాను. పోయినసారి నీకు సంతోషంగా రాసిన ఉత్తరమూ, ఆ తర్వాత ఏడుస్తూ రాసిన ఉత్తరమూ రెండూ గ్వామ్ రేవులో ఒకే కట్టలో నీ చేతికొచ్చాయి. నువ్వు మొదటిది విప్పి ఓడంతా తిరిగి అందరికీ చెప్పాకే రెండోది విప్పావు. ఆ మాట నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. నీ స్నేహితుడి భార్య చెప్పింది. మళ్లీ అలాంటి కట్ట నీ చేతికి రానివ్వకూడదనుకున్నాను. బిడ్డ చేతికొచ్చాకే రాద్దామనుకున్నాను. అవసరమైతే ఏడుపేదో నేనొక్కదాన్నే ఏడ్చుకుందామనుకున్నాను.

అత్తయ్య నన్ను అక్కడున్న రాయి మీద కూర్చోబెట్టింది. కొట్టినట్టు మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం మెల్లగా అంది.

"ఆ విమానం వాడు మనల్ని తూచి తూచి అటొకళ్లని, ఇటొకళ్లని ఎందుకు కూర్చోబెట్టాడే? నువ్వు చూస్తే ఉన్న బరువంతా నీ ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నావు. వాడి వాటా వాడికియ్యి. ఏడవాల్సొస్తే వాడూ ఏడుస్తాడు, మొగుడన్నాక అదీ పనే."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను లోపాకా. ఆమె నా తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. డోనట్ల పెట్టెలోని కాగితం రుమాలుతో మొహం తుడిస్తే చెంపంతా పంచదార అయింది. కియేలే జామపళ్లతో వచ్చి, అమ్మ ఎందుకు ఏడుస్తోందని అడిగింది. లెక్క తప్పిందని చెప్పింది అత్తయ్య.

తిరుగు ప్రయాణం రోజు ఎనోకా మా కారు తెచ్చి, తన కారు తీసుకున్నాడు. తీసుకుంటూ ఆ పసిపిల్లల కుర్చీ విప్పి అత్తయ్య చేతికిచ్చాడు. వాళ్లబ్బాయి కాళ్లు అందులో పట్టడం లేదట. మేం అడగలేదు, ఆయనా ఏమీ అడగలేదు. అత్తయ్య దాన్ని సామానులో వేయనివ్వకుండా చంకనెత్తుకునే తూకం ఎక్కింది. అక్కడి కౌంటర్ ఆవిడ కాగితం చూసి, వచ్చినప్పటికన్నా బాగా పెరిగారే టూటూ అంది.

"మా ఇంట్లో అందరం పెరుగుతున్నాం. రాసుకో" అంది మీ అమ్మ.

డాక్టరమ్మ అంతా సవ్యంగా ఉందంది. విమానమెక్కడానికి ముందే ఒప్పుకుంది కాబట్టి ఆ విషయంలో నన్ను తిట్టకు. ఇంతకుముందు రెండుసార్లూ దాటని నెల ఇప్పుడు దాటింది. రాత్రిళ్లు కదులుతోంది. భయం పోలేదు, ఉంది. నీకు అబద్ధం చెప్పను. ఆ పూలదండ ఎండిపోయింది, అయినా పడేయనివ్వకుండా అత్తయ్య దాన్ని నా మంచం తలాపిన వేలాడదీసింది, రెండు కొసలూ కిందికి. కుర్చీలో ప్రస్తుతం కియేలే బొమ్మ కూర్చుంటోంది.

ఈ ఉత్తరం వెనకాల ఇంకెలాంటి ఉత్తరం వస్తుందో నేను మాట ఇవ్వలేను. ఏది వచ్చినా విప్పు. మేం ముగ్గురం ఇటు పక్క కూర్చున్నాం. నువ్వు అటు పక్క కూర్చో.

ఇట్లు,
నీ భార్య,
మోమి