ఆదోనిలో విన్న పాట

ఎమ్మిగనూరు,
ఆదివారం

హెప్సిబా అక్కకు,

నీ కొత్త నంబరు మా దగ్గర లేదు. గూడూరులో నీ అడ్రసు నీ స్నేహితురాలు ప్రార్థన ఇస్తే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు వదిలి వెళ్లిన ల్యాప్‌టాప్ నెల నుంచి ఆన్ కావడం లేదు. నువ్వు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లాక నీ పేరే ఎత్తని నాయన, దాన్ని తువ్వాలులో చుట్టుకుని నాతోపాటు ఆదోని బస్సెక్కాడు.

షాపాయన దానికి ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు. "లోపలి సిస్టమ్ చెడిపోయింది పెద్దాయనా. ఈ పెన్‌డ్రైవులో ఇంకో సిస్టమ్ ఉండాది. దీంతో నడిపిస్తే పాతవన్నీ కనపడతాయి" అన్నాడు. కాసేపటికి తెర వెలిగింది. చర్చిలో పాడేందుకు నువ్వు రికార్డు చేసుకున్న పాటలన్నీ అలాగే ఉన్నాయి. ఆయన ఒకటి పెట్టాడు.

నీ గొంతు వినగానే నాయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. పాట అయిపోగానే "ఇంకోతూరి పెట్టప్పా" అన్నాడు. అలా నాలుగుసార్లు విన్నాడు. షాపాయన పాటలన్నీ వేరే పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక మెల్లగా అన్నాడు: "అల్లునికి తినేకి ఏం ఇష్టమో మనకు తెల్దు గదా. రాసి కనుక్కోపో."

అక్కా, నాయన ‘అల్లుడు’ అన్నాడు. బావకు ఏమిష్టమో రాయి. ఎప్పుడొస్తారో కూడా రాయి.

నీ చెల్లెలు