టెక్సాస్ దాకా నేనే నడిపాను

చెల్లీ పావ్లీనా,

మేము ప్రాణాలతోనే చేరాం. ముందు ఆ మాట చదివి, తరువాత మిగతాది చదువు.

చలికాలం టెక్సాస్ ఎండలో గడుపుదామని బయల్దేరి, మన సస్కాచివాన్ మంచు దాటిన మర్నాడే మీ బావకు నడుం పట్టేసింది. స్టీరింగు ముందు కూర్చోలేకపోయారు. కొడుకును పిలిచి బండిని వెనక్కి పంపిద్దామన్నారు. పిల్లలూ మనవలూ క్రిస్మస్‌కి విమానంలో ఇక్కడికే వస్తున్నారాయె. వాళ్ళు దిగేసరికి మేమూ, ఇల్లులాంటి మా క్యాంపరు బండీ లేకపోతే ఎలా?

"నేను నడుపుతాను" అన్నాను.

"కోతల్లో గోధుమల లారీ తోలడమనుకున్నావటే? అక్కడ నీకు ఎదురొచ్చేవి కుందేళ్ళు" అన్నారు.

"ఒక్క కుందేలునైనా తొక్కానా?" అన్నాను.

కోత యంత్రం పక్కన మెల్లగా తోలిన అలవాటు కదా, హైవే మీదా అదే నడక. వెనక కార్లు బారులు కట్టి హారన్లు కొడుతుంటే, మన ఊళ్ళోలాగా పలకరిస్తున్నారనుకుని అందరికీ చెయ్యి ఊపాను.

"పలకరింపులు కావే, తిడుతున్నారు" అన్నారు మీ బావ.

"తిట్టనివ్వండి, గుద్దకపోతే చాలు."

నా సంగతి నీకు తెలుసుగా, పొయ్యి ఆర్పానో లేదోనని పక్క మీంచి లేచి చూసే మనిషిని. బండి నడిపినంతసేపూ భయపడే తీరికే దొరకలేదు. ఆ పనంతా మీ బావే చేశారు, పక్క సీట్లో లేని బ్రేకును కాలితో తొక్కుతూ.

నిన్న పిల్లలు దిగారు. ఆయన నడుమూ కుదుటపడింది. అయినా వసంతంలో తిరుగు ప్రయాణానికి కూడా స్టీరింగు నాదేనని చెప్పేశాను. పాపం, ఇప్పటినుంచే ప్రార్థనలు మొదలుపెట్టారు.

నీ అక్క